పెరట్లో పిట్టలు, పిల్లల చేతిలో ఫోన్



"ఫోన్ పక్కన పెట్టు" అని పిల్లలకు రోజుకు ఎన్నిసార్లు చెబుతామో లెక్కే ఉండదు. అదే ఫోన్‌ను చేతికిచ్చి పిల్లలను పెరట్లోకి పంపగలిగే పని ఒకటుంది. పిట్టలను చూడటం, వాటి ఫోటోలు తీయడం. బుగ్గారం, చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నవాళ్లం దీనికోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. ఇంటి ముందు వేపచెట్టు, పెరట్లో జామ, మందార, ఊరి బయట వరి మడులు, మామిడి తోటలు, చెరువు, కుంట అన్నీ నడిచే దూరంలోనే ఉన్నాయి.

క్లాసులో ఒక బొమ్మ చూపిస్తే పిల్లలందరూ ఒకేసారి "కింగ్‌ఫిషర్!" అంటారు. తెలుగులో ఏమంటారని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. లకుముకి పిట్ట అంటే ఇదేనని, రోజూ కరెంటు తీగ మీద కూర్చునేది ఇదేనని చెబితే ఆశ్చర్యపోతారు. పుస్తకంలో పిట్ట వేరు, ఇంటి దగ్గరి పిట్ట వేరు అనుకోవడం వల్లే ఇలా జరుగుతుంది. ఆ రెండూ ఒకటేనని చూపించడానికి పిల్లలే తీసిన ఒక ఫోటో చాలు.

ఇంటి చుట్టూ ఏమేం కనిపిస్తాయి?

మందార పూల దగ్గర కాసేపు ఆగితే తేనెపిట్ట వస్తుంది. బొటనవేలంత పిట్ట, వంకర ముక్కు. జామచెట్టు మీద తల నల్లగా, చిన్న జుట్టుతో, తోక కింద ఎర్రటి మచ్చతో ఉండేది పికిలి పిట్ట. వేపచెట్టులో కోకిల గొంతు వినిపిస్తుంది కానీ మనిషి కంట పడదు. నల్లగా ఉండేది మగది. ఆడది గోధుమ రంగులో, తెల్ల చుక్కలతో ఉంటుంది. అందుకే చాలామంది ఆడ కోకిలను వేరే పిట్ట అనుకుంటారు.

లకుముకి పిట్ట చేపలే తింటుందని పిల్లలు అనుకుంటారు. గోధుమ తల, నీలి వీపు, తెల్లటి రొమ్ము, ఎర్ర ముక్కు ఉన్న మన ఊరి లకుముకి పిట్ట మిడతలను, చిన్న బల్లులను కూడా పట్టి తింటుంది. నీళ్లకు దూరంగా తీగల మీద కనబడేది అందుకే.

కుంట గట్టున గుడ్డికొంగను చూడండి. కూర్చున్నప్పుడు మట్టి రంగులో కలిసిపోయి ఉంటుంది, లేచి ఎగిరితే రెక్కలు తెల్లగా మెరుస్తాయి. మన రాష్ట్ర పక్షి పాలపిట్ట కూడా అంతే. తీగ మీద కూర్చుంటే సాదాగా ఉంటుంది, రెక్క విప్పితే నీలం. ఓపిక పట్టినవాళ్లకే ఆ రంగు కనబడుతుంది.

చలికాలంలో ఉత్తరం నుంచి జిట్టంగి పిట్టలు వచ్చి, తోక ఊపుతూ నీటి అంచున పరుగెడుతుంటాయి. మధ్య ఆసియా నుంచి గులాబీ గోరింకలు గుంపులుగా వచ్చి జొన్న చేలల్లో వాలతాయి. మోదుగ, బూరుగు పూసినప్పుడు ఆ పూలలో తేనె తాగుతాయి.

ఫోటో ఎలా తీయాలి?

పెద్ద కెమెరా అక్కర్లేదు. మామూలు ఫోన్‌తో మొదలుపెట్టవచ్చు.

పొద్దున్నే, ఎండ ముదరక ముందే వెళ్లాలి. పిట్టలు మేతకు తిరిగే వేళ అది, వెలుతురు కూడా మెత్తగా ఉంటుంది. సూర్యుడు మన వీపు వైపు ఉండాలి. ఎదురుగా ఉంటే పిట్ట నల్లటి నీడలా పడుతుంది.

ముందు లెన్స్‌ను మెత్తని గుడ్డతో తుడవాలి. ఫోన్‌ను కిటికీ ఊచకో, గోడకో ఆనిస్తే చేయి వణకదు. స్క్రీన్ మీద పిట్ట కన్ను దగ్గర తాకి, వరుసగా నాలుగైదు ఫోటోలు తీయాలి. జూమ్ ఎక్కువ చేస్తే బొమ్మ చెదిరిపోతుంది. కొంచెం దూరం నుంచే తీసి, తర్వాత చుట్టూ కత్తిరించుకోవడం మేలు. ఫ్లాష్, ఫోన్ శబ్దం రెండూ ఆపేయాలి.

అన్నిటికన్నా ముఖ్యం, పిట్ట వెంట పడకూడదు. అది వచ్చే చోట మనమే కదలకుండా కూర్చోవాలి. నీడలో ఒక మట్టి మూకుడు పెట్టి, రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి, మధ్యలో చిన్న రాయి వేయండి. పిల్లి పొంచి ఉండే పొద పక్కన మాత్రం పెట్టకండి. దోమలు పెరగకుండా రోజూ నీళ్లు మార్చే బాధ్యత పిల్లలకే ఇవ్వండి. మన వైపు ఎండాకాలంలో ఆ నీళ్లే పిట్టలకు పెద్ద ఆసరా. మొదటి రెండు మూడు రోజులు ఏదీ రాకపోవచ్చు. అలవాటు పడ్డాక వాటంతట అవే వస్తాయి.

గూడు దగ్గర ఫోటో వద్దు

పిల్లలకు ఇది ఒకటికి రెండుసార్లు చెప్పాలి. గూడు కనబడగానే దగ్గరికి వెళ్లి గుడ్ల ఫోటో తీయాలనిపిస్తుంది. మనం అక్కడ నిలబడితే తల్లి పిట్ట లేచిపోతుంది. ఆ కాసేపట్లో గుడ్లు ఎండకు వేడెక్కుతాయి. మనం ఎక్కడ నిలబడ్డామో కాకి చూస్తూనే ఉంటుంది. ఫోటో బాగా రావాలని అడ్డున్న ఆకులు తుంచితే గూటికి ఉన్న చాటు పోతుంది.

తీతువు పిట్ట కూస్తే కీడు అని మన పెద్దలు అనేవారు. అది ఎందుకు అరుస్తుందో తెలిస్తే పిల్లలకు భయం పోతుంది. తీతువు గూడు కట్టదు. చెరువు వెలిసిన నేల మీద, గులకరాళ్ల మధ్యనే గుడ్లు పెడుతుంది. గుడ్లు రాళ్లలాగే ఉంటాయి. మనిషో, కుక్కో అటు వస్తే తల మీద తిరుగుతూ అరుస్తుంది. "నా పిల్లలున్నాయి, అటు పోండి" అని దాని గోల. ఆ అరుపు వింటే కింద చూసుకుంటూ వచ్చిన దారినే వెనక్కి వెళ్లడం మన పని.

ఈత చెట్లకు, తాటి మట్టలకు వేలాడే గిజిగాడి గూళ్లను అలంకరణకు తెంపకూడదు. దసరా నాడు పాలపిట్టను చూడటం మన ఆచారం. దానికోసం పట్టి పంజరంలో పెట్టి తిప్పేవాళ్లకు డబ్బులిస్తే, వచ్చే ఏడు ఇంకో పిట్టను పడతారు. అడవి పిట్టలను పట్టడం, రామచిలుకను పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పొలం గట్టున ఎగిరే పాలపిట్టను పిల్లలకు చూపిస్తే ఆచారమూ నిలుస్తుంది, పిట్టా బతుకుతుంది.

కుంట దగ్గరికి పిల్లలను ఒంటరిగా పంపవద్దు. మట్టి తీసిన చోట గుంతలు నీళ్ల కింద కనబడవు. పెద్దవాళ్లు ఒకరు పక్కన ఉండాలి. గట్టు మీద నుంచే ఫోటో తీయాలి.

పేరు తాతయ్యను అడగండి

ఫోటో తీశాక పేరు కనుక్కోవాలి. ఫోటో చూపిస్తే ఇంగ్లీషు పేరు చెప్పే మెర్లిన్ అనే ఉచిత యాప్ ఉంది. కానీ మొదట నానమ్మకో, తాతయ్యకో చూపించండి. పొలంలో పని చేసినవాళ్లకు ఏ పిట్ట ఏ కాలంలో వస్తుందో, ఏం తింటుందో తెలుసు. వాళ్లు చెప్పిన పేరు, యాప్ చెప్పిన పేరు పక్కపక్కన రాయించండి. పక్క ఊళ్లో ఇంకో పేరుంటే అదీ రాయించండి. వాళ్ల దగ్గరున్న ఈ పేర్లు ఇప్పుడు రాసుకోకపోతే తర్వాత అడగడానికి ఎవరూ ఉండరు.

సలీం అలీ చిన్నప్పుడు ఇలాగే, గొంతు మీద పసుపు మచ్చ ఉన్న ఒక పిచ్చుకను పట్టుకుని "ఇదేం పిట్ట?" అని అడగడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లాడు. ఆ ప్రశ్నతో మొదలైన మనిషి 1931-32లో అప్పటి హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. మన ప్రాంతం ఆ సంస్థానంలోదే. 1941లో ఆయన రాసిన భారతీయ పక్షుల పుస్తకం ఇప్పటికీ చదువుతున్నారు.

ఏటా ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు ప్రపంచమంతా 'గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్' జరుగుతుంది. ఉన్న చోటే కనీసం 15 నిమిషాలు కూర్చుని, ఏ పిట్టలు ఎన్ని కనిపించాయో ఈబర్డ్‌లో నమోదు చేయాలి. పిచ్చుకలు రెండే కనిపించినా ఆ రెండూ లెక్కే. ఇలాంటి లెక్కలు ఏళ్ల తరబడి కలిస్తేనే ఏ పక్షి తగ్గుతోందో తెలుస్తుంది.

అప్పటిదాకా ఆగనక్కర్లేదు. ఈ ఆదివారం పొద్దున పదిహేను నిమిషాలు పిల్లల పక్కన మీరూ కూర్చోండి. ఒక పాత నోట్‌బుక్కులో తేదీ, సమయం, చోటు, పిట్ట పేరు, అది ఏం చేస్తోందో రాయించండి. ఫోటో సరిగా రాకపోయినా ఫరవాలేదు. పిట్ట బెదరకుండా తన పని తాను చేసుకుంటుంటే, మీ అబ్బాయో, అమ్మాయో చక్కగా చూశారన్నమాటే.