ట్రంకు పెట్టెలోని పోస్టుకార్డు: పెద్దలు వదిలిన అమానత్

ఉదయం వేళ హఫీజ్‌పేట్ రైల్వే స్టేషన్‌లో నిలబడితే, హైటెక్ సిటీ కార్యాలయాలకు వెళ్ళే యువతీయువకుల చేతుల్లో ఫోన్లు కనిపిస్తాయి. క్షణంలో సందేశం అందుతుంది. మరుక్షణంలో మరుగున పడుతుంది. వారు ప్రయాణించే ఈ రైలు మార్గం వాడి, సికింద్రాబాద్‌ల మధ్య 1874లో ప్రారంభమైనది. నగరం నుండి బొంబాయికి వెళ్ళే ఉత్తరాలు, ఓడ ఎక్కేందుకు బయలుదేరిన హజ్ యాత్రికులు ఒకప్పుడు ఈ దారినే సాగిపోయారు. ఆనాటి గుర్తులు కొన్ని పోస్టుకార్డుల రూపంలో మన ఇళ్ళలోని ట్రంకు పెట్టెల్లో ఇప్పటికీ మిగిలి ఉన్నాయి.

ప్రపంచంలో తొలి పోస్టుకార్డు 1869లో ఆస్ట్రియా-హంగేరీలో వెలువడింది. మన దేశంలో 1879 జూలై 1న పావు అణా కార్డు వచ్చింది. పేదవాడు సైతం తన క్షేమ సమాచారం పంపగలిగిన రోజులవి. హైదరాబాద్ సంస్థానానికి సొంత తపాలా వ్యవస్థ ఉండేది. దాని స్టాంపులపై ఉర్దూ, ఇంగ్లీషులతోపాటు తెలుగు, మరాఠీ లిపులు కూడా కనిపిస్తాయి.

పాత కార్డు చేతికి వస్తే మొదట బొమ్మను పరిశీలించాలి. చార్మినార్‌పై గడియారాలు అమర్చింది 1889లో. అవి లేని ఛాయాచిత్రం అంతకు ముందుదన్న మాట. రంగులను మాత్రం వెంటనే నమ్మరాదు. ఆనాటి కార్డులు అనేకం జర్మనీలో అచ్చయ్యేవి. ఆ కట్టడాన్ని ఎన్నడూ చూడనివారు ఊహించి అద్దిన రంగులవి. ఢిల్లీకి చెందిన హెచ్.ఎ. మీర్జా అండ్ సన్స్ సంస్థ 1907 ప్రాంతంలో మక్కా, మదీనా చిత్రాలను ప్రచురించింది. హజ్‌కు వెళ్ళే స్తోమత లేనివారికి కాబా దర్శనం అటువంటి కాగితాల మీదనే లభించేది.

తేదీని చదవటం మరింత కఠినం. ఒక కార్డుపై 1317 అని ఉందనుకుందాం. హిజ్రీ అనుకుంటే అది 1899-1900. కాని సంస్థానంలో ఫస్లీ సంవత్సరం కూడా వాడుకలో ఉండేది. ఫస్లీకి 590 కలిపితే, అక్టోబరులో ఆ సంవత్సరం మొదలైన క్రీస్తు శకం తెలుస్తుంది. ఆ లెక్కన 1317 అంటే 1907 అక్టోబరు నుండి 1908 అక్టోబరు వరకు. కార్డుపై ఎడ్వర్డ్ చక్రవర్తి ముఖముంటే సందేహం తీరుతుంది. ఆయన గద్దెనెక్కింది 1901లో. ఆ కార్డులో ‘ఇంట్లోకి నీరు వచ్చింది, అందరం క్షేమం’ అని ఉంటే, అది 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద సంగతి కావచ్చు. లెక్క తప్పితే మన కుటుంబం గట్టెక్కిన గండమే మనకు తెలియకుండా పోతుంది.

కొన్ని కార్డులపైన 786 అంకె ఉంటుంది. కార్డుకు కవరు లేదు. పదిమంది చేతులు మారుతుంది, నేలపైనా పడవచ్చు. అల్లాహ్ నామానికి అగౌరవం కలుగరాదని ‘బిస్మిల్లాహ్’కు బదులుగా అక్షరాల విలువల మొత్తాన్ని వ్రాసే ఆచారమది. ఈ సంగతి నేటి పిల్లల్లో ఎందరికి తెలుసు? ఉర్దూ ఇంట్లో వినిపిస్తున్నా, ఆ లిపి చదవలేని తరం ఎదుగుతున్నది. తాత వ్రాసిన నాలుగు పంక్తులు మనవడికి గీతలుగా మిగలటం కంటె విచారకరమైనది ఏముంటుంది?

ఇక్కడొక జాగ్రత్త అవసరం. హుజురాత్ సూరా అనుమానాలకు, ఇతరుల రహస్యాల ఆరాకు దూరంగా ఉండమని బోధిస్తుంది. కార్డులో అప్పు మాట ఉండవచ్చు, కోడలిపై ఫిర్యాదు ఉండవచ్చు. వ్రాసినవారు సంజాయిషీ చెప్పుకోవటానికి నేడు మన మధ్య లేరు. సగం చెరిగిన వాక్యాన్ని మన ఊహతో పూరించి తీర్పు చెప్పటం అన్యాయం. బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టే ముందు, దానివల్ల ఎవరి మనసైనా నొచ్చుతుందేమో ఆలోచించాలి. చదివినదానిలో మంచిని పంచుకోవాలి. లోపాన్ని కప్పి ఉంచాలి.

ఈ ఆదివారం ఇంట్లోని పెట్టె తెరవండి. నానీమానో దాదాజాన్‌నో పక్కన కూర్చోబెట్టుకొని, వారి చేత చదివించండి. వారు చెప్పిన పేర్లను, చుట్టరికాలను వేరే కాగితంపై వ్రాసుకోండి. కార్డుకు జిగురు పూయకండి. చదవగలిగిన కళ్ళు మన మధ్య ఉన్నప్పుడే ఈ పని జరగాలి. చివరగా, ఆ కార్డు వ్రాసిన చేతుల కోసం ఒక దువా చేయండి. ఇన్షా అల్లాహ్, ఆలస్యంగానైనా అది మన జవాబు అవుతుంది.