కంప్యూటర్ కళ: కాపాడాలంటే ఖర్చెంత?

కోల్‌కతాలోని ఏక్‌బాల్‌పూర్‌కు దగ్గరలోనే అలీపూర్ ఉంది. అక్కడి బెల్వెడేర్ భవనంలో 1953లో జాతీయ గ్రంథాలయాన్ని పాఠకుల కోసం తెరిచారు. మంచి కాగితం మీద అచ్చయిన పుస్తకాన్ని చెమ్మ, చెదలు తగలకుండా బీరువాలో ఉంచితే నూరేళ్ల తరువాత కూడా చదువుకోవచ్చు. చదవడానికి కళ్లూ వెలుతురూ ఉంటే చాలు. మరి, కంప్యూటర్‌పై గీసిన బొమ్మ ఉన్న ఫ్లాపీని అదే బీరువాలో ఉంచితే?

ఈ ప్రశ్నకు ఒక అమెరికన్ చిత్రకారుడి ఉదంతం జవాబు చెబుతుంది. ఆండీ వార్హోల్ 1985లో అమీగా అనే కంప్యూటర్‌పై కొన్ని బొమ్మలు గీశాడు. వాటి ఫ్లాపీలు పిట్స్‌బర్గ్‌లోని ఆయన మ్యూజియానికి చేరాయి. ఫ్లాపీలు భద్రంగానే ఉన్నాయి కాని, బొమ్మలు చూసే దారి మూసుకుపోయింది. చివరికి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ కంప్యూటర్ క్లబ్ సభ్యులు శ్రమపడి వాటిని బయటికి తీశారు. ఆ సంగతి 2014లో లోకానికి తెలిసింది.

ఎందుకిలా జరుగుతుంది?

కంప్యూటర్ బొమ్మ ఒంటరిగా బతకదు. దానికి డిస్కు కావాలి, డిస్కును చదివే యంత్రం కావాలి, ఫైలును అర్థం చేసుకునే సాఫ్ట్‌వేర్ కావాలి, ఆ సాఫ్ట్‌వేర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి. ఈ గొలుసులో ఒక్క కొక్కెం తెగినా బొమ్మ కనిపించదు. వెబ్ పేజీలలో బొమ్మలను కదిలించిన ఫ్లాష్ సాఫ్ట్‌వేర్‌కు 2020 చివరితో కాలం చెల్లింది. దానిపై ఆధారపడిన కళాఖండాలెన్నో ఒక్కసారిగా నిలిచిపోయాయి.

దీనికి విరుగుళ్లు మూడు. పాత యంత్రాన్నే మరమ్మతు చేస్తూ వాడడం ఒకటి. పాత కంప్యూటర్‌లా ప్రవర్తించే ప్రోగ్రామును కొత్త కంప్యూటర్‌లో నడపడం రెండోది. దీన్ని ఎమ్యులేషన్ అంటారు. ప్రోగ్రామును కొత్త భాషలో తిరగరాయడం మూడోది. షూ లీ చియాంగ్ 1998-99లో రూపొందించిన 'బ్రాండన్' అనే వెబ్ కళాఖండాన్ని న్యూయార్క్‌లోని గుగెన్‌హైమ్ మ్యూజియం ఈ మూడో పద్ధతిలోనే 2017 నాటికి బాగుచేయించింది. ఆగిపోయిన పాత జావా భాగాలు చేసే పనిని కొత్త బ్రౌజర్లలో నడిచేలా మళ్లీ రాశారు.

లెక్క వేద్దాం

ఒక చిన్న మ్యూజియం దగ్గర ఇలాంటి కళాఖండం ఒకటి ఉందనుకుందాం. ఈ అంకెలు ఊహించినవే.

మూడు ప్రతులకు మూడు డిస్కులు, ఒక్కొక్కటి 4,000 రూపాయలు. అయిదేళ్లకోసారి మార్చాలి. అంటే ఏడాదికి 2,400.

ఏటా రెండు రోజులు నిపుణుడు వచ్చి ఫైళ్లు చెడలేదని, కళాఖండం సరిగా నడుస్తోందని పరీక్షించాలి. రోజుకు 2,000 చొప్పున 4,000.

పదేళ్లకోసారి ప్రోగ్రామును తిరగరాయించాలి. ఖర్చు 2,00,000. అంటే ఏడాదికి 20,000.

మొత్తం 26,400. ఇందులో డిస్కుల వాటా పదకొండో వంతే! దాచడం చవక, నడిపించడం ఖరీదు. పైగా అసలు ఖర్చు ఏటా కొద్దికొద్దిగా రాదు. పదో ఏట ఒక్కసారిగా వచ్చి పడుతుంది. తొమ్మిదేళ్లు ఏమీ అడగని వస్తువుకు పదో ఏట రెండు లక్షలు కావాలంటే ఎవరిస్తారు? కనుక కళాఖండం కొన్న రోజు నుంచే ఏటా 20,000 వేరుగా తీసిపెట్టాలి. అలా చేయని చోట డిస్కు మిగులుతుంది, కళ పోతుంది.

ఖర్చు తగ్గించే మార్గం కూడా ఉంది. కళాకారుడు బతికి ఉండగానే అడిగి రాసుకోవాలి: రంగు ముఖ్యమా, వేగమా, ఆ పాత తెరేనా? మూల ప్రోగ్రామును, అందులో వాడిన సాఫ్ట్‌వేర్ల పేర్లను తీసుకుని ఉంచాలి. ఇవి ఉంటే తిరగరాసేవారికి నెలల పని తగ్గుతుంది.

ఈ లెక్క మీకూ వర్తిస్తుంది. యూనికోడ్ వాడకం పెరగకముందు తెలుగులో డీటీపీ చేసిన ఫైలును, ఆనాటి ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిచి చూడండి. అక్షరాల బదులు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. మీరు ఇవాళ కంప్యూటర్‌లో గీసిన బొమ్మ పక్కన, ఏ సాఫ్ట్‌వేర్‌తో గీశారో ఒక కాగితం మీద రాసి పెట్టండి. దాన్ని చదవడానికి ఏ యంత్రమూ అక్కరలేదు.