ఎత్తైన పొగగొట్టము – ఎల్ల దాటిన పొగ

పుష్య మాఘ మాసములలో తెల్లవారుజామున కల్లూరు పొలముల మీద మంచు దట్టముగా పరచుకొనును. ఎండ ఎక్కిన కొలదియు అది విడిపోవలెను. కాని కొన్ని దినములలో పది గంటలు దాటినను బూడిదరంగు తెర యొకటి మిగిలియే యుండును. దూరపు తాటిచెట్ల వరుస మసకగా కనిపించును. ఇది మంచు కాదు. మంచులోని నీటి బిందువులు ఎండకు ఆరిపోయిన పిమ్మట గాలిలో నిలిచిపోయిన సూక్ష్మ రేణువుల పొర. ఇందులో కొంత ఊరి పొయ్యిలది, కొంత చెత్తమంటలది, కొంత ఖమ్మము - సత్తుపల్లి రోడ్డు మీద తిరుగు లారీలది. మిగిలిన భాగము ఊరిది కాదు, మండలముది కాదు. ఒక్కొక్కప్పుడు రాష్ట్రముది కూడ కాదు.

పటము ముందుంచుకొని చూచినచో సంగతి తేటపడును. కల్లూరునకు ఉత్తరముగా, కొంచెము తూర్పునకు ఒరిగి, గాలిదారిని సుమారు 45, 50 కిలోమీటర్ల దూరమున పాల్వంచ కలదు. అచ్చట కొత్తగూడెము థర్మల్ విద్యుత్కేంద్రము సింగరేణి బొగ్గును మండించుచున్నది. దానికి ఆవల మణుగూరు వద్ద 1,080 మెగావాట్ల భద్రాద్రి విద్యుత్కేంద్రము 2020-22 సంవత్సరములలో పనిలోనికి వచ్చినది. తూర్పున సత్తుపల్లిలో బొగ్గు గనులు. ఈశాన్యమున భద్రాచలపు అడవులు, వాని వెనుక ఛత్తీస్‌గఢ్, ఒడిశాలు. శీతకాలములో గాలి సాధారణముగా ఈశాన్యము నుండియే వీచును. అనగా ఆ కాలములో వీటికన్నిటికి కల్లూరు గాలివాలున నుండును.

బొగ్గు మండినపుడు ఏమగును? సింగరేణి బొగ్గులో బూడిద యెక్కువ, గంధకము తక్కువ. భారతదేశపు బొగ్గులో గంధకము సాధారణముగా నూటికి అర వంతు మాత్రమే. ఇది చాల స్వల్పమని తోచును. కాని లెక్క వేసి చూడవలెను. వేయి మెగావాట్ల కేంద్రము పూర్తిశక్తితో పనిచేసినచో దినమునకు సుమారు 15,000 టన్నుల బొగ్గు కావలెను. అందులో నూటికి అర వంతు అనగా 75 టన్నుల గంధకము. గంధకము పరమాణు భారము 32. అది రెండు ఆమ్లజని పరమాణువులతో, అనగా మరియొక 32 భారముతో కలియును. కావున 75 టన్నుల గంధకము 150 టన్నుల గంధక ద్విఆమ్లజనిదమగును. నేటి పాఠ్యపుస్తకములలో దీనినే సల్ఫర్ డయాక్సైడు అందురు; ఈ వ్యాసములో గంధక వాయువు అనిన చాలును. ఇది ఒక్క దినపు లెక్క.

బూడిదను పొగనుండి వేరుచేయుటకు విద్యుదాకర్షణతో పనిచేయు యంత్రములు కలవు. అవి నూటికి తొంబదితొమ్మిది వంతులకు పైగా బూడిదను పట్టగలవు. కాని గంధక వాయువు ఆ యంత్రములకు చిక్కదు. అది రేణువు కాదు, వాయువు. దానికి పూర్వులు కనుగొన్న మందు ఒక్కటే: గొట్టము ఎత్తు పెంచుట. మన దేశములో అమలైన నిబంధన ప్రకారము 200 మెగావాట్లు దాటిన యూనిట్లకు 220 మీటర్లు, 500 మెగావాట్లు, అంతకు మించిన వాటికి 275 మీటర్ల ఎత్తు పొగగొట్టములు కట్టవలసియుండెను. 275 మీటర్లనగా కుతుబ్‌మీనారు వంటివి మూడు ఒకదానిమీద నొకటి నిలిపినను చాలదు.

ఈ మందు పనిచేయును, కాని పొరుగువారికే. గొట్టము క్రింద నున్న పాల్వంచవాసికి ఘాటు తగ్గును. వాయువు మాత్రము నశింపలేదు. ఎత్తున వీచు వేగవంతమైన గాలిలో చేరినది. గంటకు 18 కిలోమీటర్ల గాలి యనిన పెద్ద గాలి కాదు. అయినను అది ఒక దినములో 400 కిలోమీటర్లు దాటును. గంధక వాయువు గాలిలో ఒకటి రెండు దినములు నిలుచును. ఆ లోపల అది ఆమ్లజనితోను నీటియావిరితోను కలిసి గంధకామ్లమగును. పశువుల పేడనుండియు యూరియా వేసిన పొలములనుండియు లేచు అమ్మోనియాతో కలిసి అమ్మోనియం సల్ఫేటు రేణువులగును. ఈ రేణువులు మిల్లీమీటరులో నాలుగువందలవ వంతు కన్న చిన్నవి. వర్షము కడిగివేయని యెడల వారము దినముల వరకు గాలిలో తేలుచు వేల కిలోమీటర్లు పోగలవు; ఊపిరితిత్తుల చిట్టచివరి గదుల వరకు చొరగలవు. కల్లూరు ఉదయములలో కనిపించు బూడిద తెరలో వీటి పాలు కూడ కలదు.

ఎత్తైన గొట్టము వలన చిక్కు ఎట్లు దేశముల తగవు కాగలదో తెలిపిన మొదటి వ్యాజ్యము కెనడాలో పుట్టినది. అమెరికా సరిహద్దునకు కొలది మైళ్ళ దూరమున ట్రెయిల్ అను ఊరిలో సీసము, తుత్తునాగము కరగించు కర్మాగారము ఉండెను. 1920 తరువాత అది 409 అడుగుల గొట్టములు లేపినది. పొగ కొలంబియా నదీలోయ వెంట దక్షిణమునకు సాగి, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర రైతుల పైరులను, చెట్లను మాడ్చినది. ఉభయ ప్రభుత్వములు మధ్యవర్తుల న్యాయస్థానమును నియమించినవి. అది 1938లోను 1941లోను తీర్పులు చెప్పి, తన భూమిని వాడుకొను హక్కు పేర పరదేశమునకు పొగచే గట్టి హాని కలిగించు హక్కు ఏ దేశమునకును లేదని నిర్ణయించినది. అంతర్జాతీయ న్యాయశాస్త్రములో నేటికిని ఈ తీర్పును ఉదాహరింతురు.

ట్రెయిల్‌లో దోషి ఒక్కడే. పొగ కంటికి కనిపించెను. ఐరోపాలో అట్లు కాదు. 1967లో స్వాంటె ఓడెన్ అను స్వీడన్ దేశపు మృత్తికా శాస్త్రజ్ఞుడు తన దేశపు వర్షములు యేటేట పులుపెక్కుచున్నవని, దానికి కారణమైన గంధకము బ్రిటనునుండి, మధ్య ఐరోపానుండి వచ్చుచున్నదని వెల్లడించెను. స్వచ్ఛమైన వాననీటి పీహెచ్ సుమారు 5.6; గాలిలోని బొగ్గుపులుసు వాయువు కరుగుటచే అది కొంచెము పుల్లగానే యుండును. పీహెచ్ ఒక అంకె తగ్గిన ఆమ్లత పది రెట్లు పెరుగును. ఈ మాట విద్యార్థులు తరచుగా మరచుచుందురు. స్కాండినేవియా సరస్సులలో ఆమ్లము మన్నులోని అల్యూమినియమును కరగించి నీటిలోనికి దింపినది. అది చేపల మొప్పలకు పట్టి వాని ఊపిరి ఆపినది. నీరు అద్దమువలె తేటగా నుండెను, చేప మాత్రము లేదు.

బ్రిటను ఒప్పుకొనలేదు. ఒప్పుకొనకుండుటకు దానికి కారణము కూడ ఉన్నది. అచ్చటి గాలులు ఎక్కువగా పడమటినుండి తూర్పునకు వీచును. పంపుటయే గాని తిరిగి పుచ్చుకొనుట తక్కువ. కావున ముందుగా కావలసినది నీతి బోధ కాదు, కొలత. 1972లో పదునొకండు దేశములు కలిసి ఒకే పద్ధతిని గాలిని, వానను కొలుచుటకు పూనుకొన్నవి. ఆ యేడే స్టాక్‌హోములో ఐక్యరాజ్యసమితి పర్యావరణ మహాసభ జరిగినది. 1977లో ఐరోపా అంతటికి ఉమ్మడి కొలతల వ్యవస్థ ఏర్పడినది. దాని లెక్కల కేంద్రములలో ఒకటి ఓస్లోలో, ఒకటి మాస్కోలో పనిచేసెను. అణ్వాయుధములు ఎక్కుపెట్టుకొని యున్న రెండు కూటములు వాననీటి లెక్కలు మాత్రము ఇచ్చిపుచ్చుకొనినవి! ఆ లెక్కలనుండి ఒక పట్టిక తయారైనది. అడ్డవరుసలలో పంపిన దేశములు, నిలువు వరుసలలో పుచ్చుకొన్న దేశములు. ప్రతి గదిలో ఇన్ని టన్నుల గంధకము అను అంకె. వర్తకుని జమాఖర్చు పుస్తకమువంటిదే ఇది. అంకె కండ్లయెదుట నున్నపుడు కాదని వాదించుట కష్టము.

1979 నవంబరు 13న జెనీవాలో దూరప్రయాణపు వాయుకాలుష్యమును గూర్చిన ఒడంబడిక సంతకమైనది. 1983లో అమలులోనికి వచ్చినది. 1985లో హెల్సింకిలో కొన్ని దేశములు 1980 నాటి గంధకపు విడుదలను 1993 నాటికి 30 శాతము తగ్గించుటకు పూనుకొన్నవి. బ్రిటను అప్పుడు చేరలేదు. 1994 నాటి ఓస్లో ఒప్పందమునకు మాత్రము వచ్చినది. ఇందులో అందరికి ఒకే శాతము అను పద్ధతి పోయి, ఏ నేల ఎంత ఆమ్లమును హాని లేక భరించగలదో లెక్క కట్టి, దానినిబట్టి ఎవరు ఎంత తగ్గింపవలెనో నిర్ణయించిరి. 1980తో పోల్చిన ఐరోపాలో గంధక వాయువు మూడు వంతులకు పైగా తగ్గినది. ఒడంబడిక ఒక్కటే కారణము కాదు. బొగ్గు వాడుక తగ్గుట, తూర్పు ఐరోపాలో పాత కర్మాగారములు మూతపడుట కూడ తోడ్పడినవి.

దక్షిణాసియా సంగతి ఏమి? 1998 ఏప్రిలులో భారతదేశము, నేపాలము, భూటాను, బంగ్లాదేశము, శ్రీలంక, మాల్దీవులు, పాకిస్తాను, ఇరాను కలిసి మాలేలో ఒక ప్రకటన చేసినవి. ఎల్లలు దాటు వాయుకాలుష్యమును కలిసి కొలువవలెను, తగ్గింపవలెనని దాని సారాంశము. సుందరవనములలోని పోర్ట్ కానింగ్‌లో భారతదేశపు కొలతల కేంద్రము వెలసినది. కాని ఇది ప్రకటన మాత్రమే. ఇంత తగ్గించెదమని ఎవరును అంకె చెప్పలేదు. మరుసటి సంవత్సరము, 1999 జనవరి - మార్చి నెలలలో, హిందూ మహాసముద్ర పరిశోధన అను పేర అనేక దేశముల శాస్త్రజ్ఞులు ఓడలతోను విమానములతోను గాలిని పరీక్షించిరి. వారికి వి. రామనాథన్, పాల్ క్రుట్జెన్ నాయకులు. ఉపఖండముపై పుట్టిన పొగతెర ఈశాన్య ఋతుపవనముతో సముద్రము మీదికి, మాల్దీవులకు ఆవలికి సాగుచున్నదని వారు కనుగొనిరి. 2002లో ఐక్యరాజ్యసమితి నివేదిక దీనిని ఆసియా గోధుమ మేఘము అని పిలువగా భారతదేశము అభ్యంతరము చెప్పినది. తరువాత పేరులో ఆసియా పోయి వాతావరణము వచ్చి చేరినది. పేరు గూర్చి తగవులాడిన శ్రద్ధలో సగము కొలతల మీద చూపిన బాగుండెడిది.

ఐరోపాకును మనకును ఒక ముఖ్య భేదము కలదు. నదికి ఎగువ, దిగువ స్థిరములు. అందుచేతనే గోదావరి జలములకు 1969లో న్యాయస్థానమేర్పడి, 1980లో తుది తీర్పు వచ్చి, ఏ రాష్ట్రమునకు ఎంత నీరో తేలినది. మన గాలికి ఎగువ దిగువలు స్థిరములు కావు. ఏడాదికి రెండుమారులు తలక్రిందులగును. పుష్యములో కల్లూరు పుచ్చుకొను ఊరు. ఆషాఢములో నైరుతి గాలి వీచినపుడు పాల్వంచ, మణుగూరుల పొగ ఛత్తీస్‌గఢ్, ఒడిశాల వైపు పోవును. వానలు దానిని త్వరగా కడుగుటచే భారము సమానము కాదు గాని, ఎప్పటికిని పంపువాడు, ఎప్పటికిని పుచ్చుకొనువాడు అని యెవరును లేరు. బ్రిటనుకు లేని స్వార్థము ఇచ్చట ప్రతివానికి కలదు. ఒప్పందమునకు ఇంతకన్న మంచి పునాది ఏమి కావలెను?

2014లో రాష్ట్రము రెండైనపుడు భద్రాచలము చుట్టుప్రక్కల కొన్ని మండలములు ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. అంతకు ముందు ఒకే రాష్ట్రపు ఇంటి సంగతిగా నున్న పొగ ఆ దినమునుండి అంతర్రాష్ట్రీయ వ్యవహారమైనది. గాలి మాత్రము ఎప్పటివలెనే వీచుచున్నది. 1981 నాటి వాయు చట్టము ప్రకారము కాలుష్య నియంత్రణ మండలి రాష్ట్రమునకు ఒకటి. ఢిల్లీ చుట్టునున్న రాష్ట్రములకు 2021 చట్టముచే ఉమ్మడి కమిషను కలిగినది. గోదావరి ప్రాంతపు నాలుగు రాష్ట్రములకు అట్టిది కలుగలేదు. ఇచ్చట పొగ విద్యుత్కేంద్రములది మాత్రమే కాదు. వేసవిలో ఇప్పపూలు ఏరుటకు చెట్ల క్రింద ఆకు కాల్చుటచేతను, పోడు మంటలచేతను అడవులంటుకొనును. ఆ పొగకు కూడ ఎల్ల తెలియదు. ఇట్టి మంటల పొగ గూర్చియే ఆగ్నేయాసియా దేశములు 2002లో ఒప్పందము చేసికొనినవి. ముఖ్యదేశమగు ఇండోనీషియా దానిని ఆమోదించుటకు 2014 వరకు పట్టినది.

గంధక వాయువును గొట్టములోనే పట్టు విధానము కష్టమైనది కాదు. సున్నపురాయి పొడిని నీటిలో కలిపి పొగ మీద చల్లుదురు; వాయువు సున్నముతో కలిసి జిప్సమగును. హుజూర్‌నగర్, జగ్గయ్యపేటల సున్నపురాయి దగ్గరనే కలదు. సిమెంటు ఫ్యాక్టరీలకు జిప్సము కావలెను. ఖర్చు మాత్రము చిన్నది కాదు. 2015 డిసెంబరులో కేంద్రప్రభుత్వము గంధక వాయువుకు హద్దులు విధించి రెండేండ్ల గడువిచ్చినది. గడువు పలుమార్లు జరిగినది. 2025 జూలైలో చాల కేంద్రములకు ఆ హద్దులు తొలగించి, ఢిల్లీ ప్రాంతమునకు గాని, పది లక్షలు దాటిన జనాభా గల నగరములకు గాని పది కిలోమీటర్ల లోపల నున్నవాటికి మాత్రము 2027 డిసెంబరు గడువు నిలిపిరి. మన బొగ్గులో గంధకము తక్కువ, ఊళ్ళలో వాయువు హద్దు దాటుట లేదు అనునది దీనికి చెప్పిన వాదము. వాయువు విషయమున అది చాలవరకు నిజమే. కాని వాయువు దారిలో రేణువుగా మారునని పైన చూచితిమి. పది కిలోమీటర్లనగా ఆ మందగాలికి అర్ధగంటకు కొంచెము మించిన ప్రయాణము మాత్రమే.

మన వానలు స్కాండినేవియా వానలంత పులియకపోవుటకు ఒక అదృష్టము కారణము. మన ధూళిలో సున్నపు అంశము ఎక్కువ. అది ఆమ్లమును కొంత విరిచివేయును. భారత వాతావరణ శాఖ విశాఖపట్టణముతో సహా పది చోట్ల ప్రపంచ వాతావరణ సంస్థ ప్రణాళికలో భాగముగా వాననీటిని దశాబ్దములుగా పరీక్షించుచున్నది. ఉన్నత పాఠశాలలో కూడ ఈ పరీక్ష చేయవచ్చును. శుభ్రమైన ప్లాస్టిక్ గిన్నెను చెట్లకు, చూరునకు దూరముగా ఎత్తైన చోట ఉంచవలెను. వాన మొదలైన తరువాతనే మూత తీయవలెను; ముందే తీసినచో ధూళి పడి లెక్క తప్పును. మొదటి పది నిమిషముల నీటిని ఒక సీసాలో, తరువాతి నీటిని వేరొక సీసాలో పట్టి, పీహెచ్ కాగితముతో రెండింటిని చూచి, తేదీ, గాలి దిక్కు వ్రాసికొనవలెను. ఖమ్మములోని పాఠశాల, తిరువూరులోని పాఠశాల, భద్రాచలములోని పాఠశాల ఒకే రకపు కాగితముతో ఒకే కాలములో కొలిచినచో ఆ మూడు పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టి చదువవచ్చును.