మిక్సింగ్ డెస్క్‌తో పాతకాలపు గొంతు: పద్ధతి, జాగ్రత్తలు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• పాత రికార్డుల్లో గొంతు అలా వినిపించడానికి గల రెండు వేర్వేరు కారణాలను వివరించగలుగుతారు.
• డెస్క్‌పై ఫిల్టరును, గెయిన్‌ను ఏ వరుసలో వాడాలో, ఎందుకు వాడాలో చెప్పగలుగుతారు.
• మాట చెడకుండా, అసలు రికార్డింగు పోకుండా తీసుకోవలసిన జాగ్రత్తలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

ఒక రేడియో నాటకంలో 1930ల నాటి గ్రామఫోను పాట వినిపించాలి అనుకుందాం. మీ దగ్గర ఉన్నవి ఈనాటి మైకు, ఈనాటి గాయని, ఒక చిన్న మిక్సింగ్ డెస్క్. చాలామంది విద్యార్థులు మొదట చేసే పని గెయిన్ నాబ్‌ను చివరిదాకా తిప్పేయడం. దానితో గొంతు పగులుతుంది గాని పాతబడదు. కారణం, పాత ధ్వనిలో కలిసి ఉన్న రెండు గుణాలను మనం ఒకటిగా భావించడమే.

2. రెండు గుణాలు

2.1 ఇరుకుదనం: 1925లో విద్యుత్ రికార్డింగు వాడుకలోకి వచ్చేదాకా గాయకులు పెద్ద బాకాలోకి పాడేవారు. ఆ శబ్ద బలంతోనే సూది కదిలి మైనపు పళ్లెంపై గాడి గీసేది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ ఇచ్చిన రికార్డులు ఈ పద్ధతిలోనివే. ఈ పద్ధతికి సుమారు 250 నుంచి 2,500 హెర్ట్జ్ వరకు ఉన్న పౌనఃపున్యాలే బాగా చిక్కేవి. టెలిఫోను పరిధి 300 నుంచి 3,400 హెర్ట్జ్. మన చెవి పరిధి 20 నుంచి 20,000 హెర్ట్జ్ అని గుర్తుంచుకుంటే ఎంత ధ్వని బయటే ఉండిపోయిందో తెలుస్తుంది.

2.2 తరంగం తెగడం: ఏ పరికరమైనా కొంత మేరకే సంకేతాన్ని మోయగలదు. అంతకు మించి ఇస్తే తరంగ శిఖరాలు కత్తిరించినట్లు చదునవుతాయి. దీనినే క్లిప్పింగ్ అంటారు. చదునైన తరంగంలో అసలు స్వరంలో లేని అనుస్వరాలు పుడతాయి. ఉదాహరణకు 200 హెర్ట్జ్ శుద్ధ స్వరాన్ని పైనా కిందా సమానంగా కత్తిరిస్తే 600, 1,000, 1,400 హెర్ట్జ్ వద్ద బేసి అనుస్వరాలు వస్తాయి. ఒకవైపు ఎక్కువగా కత్తిరిస్తే 400, 800 వంటి సరి అనుస్వరాలు కూడా చేరతాయి.

ఈ రెండూ వేరని చెవితో తెలుసుకోవచ్చు. 1920ల చివరలో అమెరికన్ గాయకుడు రూడీ వాలీ మెగాఫోనులో పాడి పేరు పొందాడు. ఆ శైలిని అనుకరిస్తూ 1966లో వచ్చిన ‘వించెస్టర్ కెథీడ్రల్’ పాటలో ముఖ్యంగా వినిపించేది ఇరుకుదనం. 1969లో వచ్చిన కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బమ్ మొదటి పాటలో గొంతు బాగా తెగి వినిపిస్తుంది. మొదటిది వింటే పాతకాలం తోస్తుంది. రెండవది వింటే ఆవేశం తోస్తుంది.

3. వరుస ఎందుకు ముఖ్యం?

గొంతులో అడుగు పౌనఃపున్యాలకు బలం ఎక్కువ. వాటిని తీయకుండా గెయిన్ పెంచితే ముందుగా అవే తెగి, ధ్వని అంతా బురదగా మారుతుంది. కాబట్టి తెంచడానికి ముందు అడుగును తగ్గించాలి. తెగిన తరువాత పుట్టిన అనుస్వరాలు 5,000, 6,000 హెర్ట్జ్ దాకా, ఆపైకి కూడా పోతాయి. పాత యంత్రం వాటిని వినిపించలేదు కనుక తరువాత పైభాగాన్నీ తగ్గించాలి. అంటే సరైన వరుస: ఫిల్టరు, గెయిన్, మళ్లీ ఫిల్టరు.

సాధారణ డెస్క్‌లో ఒక ఛానెల్‌లోకి వచ్చిన సంకేతం ముందు గెయిన్ దాటి, ఆ తరువాతే ఈక్యూకు చేరుతుంది. అందువల్ల ఒక్క ఛానెల్‌తో ఈ వరుస సాధ్యం కాదు. రెండు ఛానెళ్లు కావాలి.

4. డెస్క్‌పై పద్ధతి

(అ) గొంతును ముందుగా స్వచ్ఛంగా రికార్డు చేయండి. డిజిటల్ మీటరుపై శిఖరాలు −12 డెసిబెల్ దగ్గర ఉంటే చాలు.

(ఆ) ఆ రికార్డింగును 1వ ఛానెల్ లైన్ ఇన్‌పుట్‌కు ఇవ్వండి. హైపాస్ ఫిల్టరు నొక్కి, లో నాబ్‌ను పూర్తిగా తగ్గించండి. మధ్య భాగాన్ని 1,000–2,000 హెర్ట్జ్ దగ్గర కొద్దిగా పెంచండి.

(ఇ) 1వ ఛానెల్‌ను మెయిన్‌కు కాక సబ్‌గ్రూపుకు మాత్రమే పంపండి. సబ్‌గ్రూపు అవుట్‌పుట్ నుంచి ఒక కేబుల్‌ను 2వ ఛానెల్ లైన్ ఇన్‌పుట్‌కు కలపండి. 2వ ఛానెల్‌ను మెయిన్‌కే పంపాలి. పొరపాటున అదే సబ్‌గ్రూపుకు పంపితే సంకేతం చుట్టూ తిరిగి కీచుమని అరుస్తుంది.

(ఈ) మానిటర్ తగ్గించి, 2వ ఛానెల్ గెయిన్‌ను మెల్లగా పెంచండి. గట్టి పదాల దగ్గర మాత్రమే గొంతు గరగరలాడే చోట ఆపండి. శబ్దం పెరిగితే ఫేడరుతో తగ్గించండి. గెయిన్ రంగును ఇస్తుంది, ఫేడరు మోతాదును ఇస్తుంది.

(ఉ) 2వ ఛానెల్‌లో హై నాబ్‌ను పూర్తిగా తగ్గించండి. లో నాబ్‌ను మళ్లీ తగ్గించండి.

చిన్న డెస్కుల్లో హైపాస్ ఫిల్టరు సాధారణంగా 75 లేదా 100 హెర్ట్జ్ దగ్గర స్థిరంగా ఉంటుంది, అది చాలదనిపించవచ్చు. అప్పుడు 2, 3 అంగుళాల చిన్న స్పీకరు నుంచి పాటను వినిపించి, ముందు మైకు పెట్టి మళ్లీ రికార్డు చేయండి. అంత చిన్న స్పీకరు అడుగు పౌనఃపున్యాలను సరిగా ఇవ్వలేదు. మీ పనిలో సగం అదే చేస్తుంది.

డిజిటల్ మీటరును మాత్రం సున్నా డెసిబెల్ దాటించి తెంచకండి. అక్కడ స్వరంతో పొత్తు లేని పౌనఃపున్యాలు కూడా పుట్టి, ధ్వని పాతగా కాక చెడిపోయినట్లు వినిపిస్తుంది.

5. మాట బతకాలి

‘స’ పలికేటప్పుడు వచ్చే బుస ఎక్కువగా 4,000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. టెలిఫోనులో ‘స’కూ ‘ఫ’కూ తేడా తెలియక పేరును రెండుసార్లు చెప్పవలసి రావడం మీకు అనుభవమే. ‘ద’, ‘ధ’ల మధ్య ఉన్న ఊపిరి కూడా గరగరలో కలిసిపోతుంది. అందుకే స్వచ్ఛమైన ప్రతిని 3వ ఛానెల్‌లో ఉంచి, కొద్దిగా కలపండి. పాట తెలియని ఒకరిని పిలిచి వినిపించి, పదాలు రాయమనండి. మీకు సాహిత్యం ముందే తెలుసు కాబట్టి ఈ పరీక్షకు మీ చెవి పనికిరాదు.

6. ఒక అనుభవం

చాలా ఏళ్ల కిందట ఒక విద్యార్థి నాటకం కోసం వయసు మళ్లిన ఒక రంగస్థల గాయని చేత పద్యం పాడించాను. సమయం కలిసి వస్తుందని గెయిన్ పెంచి నేరుగా ‘పాత రికార్డు’ గొంతుతోనే రికార్డు చేశాను. నాటకం బాగుందన్నారు. ఆమె పోయిన తరువాత ఆమె కూతురు వచ్చి, ‘సార్, అమ్మ పాడింది ఉందటగా, ఇస్తారా?’ అని అడిగింది. నేను ఇవ్వగలిగింది ఆ పగిలిన గొంతే. కత్తిరించిన శిఖరాన్ని ఏ నాబూ యథాతథంగా తిరిగి తేలేదు. అందుకే పై పద్ధతిలో (అ)ను మొదట ఉంచాను. తొందరలో మీరు దాటేయాలనుకునే మెట్టు కూడా అదే.

సారాంశం

పాత ధ్వని అంటే ఇరుకుదనం, తరంగం తెగడం అనే రెండు గుణాల కలయిక. ఫిల్టరు, గెయిన్, ఫిల్టరు అనే వరుసకు రెండు ఛానెళ్లు అవసరం. మాట తెలియాలి; స్వచ్ఛమైన ప్రతి నిలవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గెయిన్ ఒక్కటే పెంచితే గొంతు ఎందుకు పాతబడదు?
2. 300 హెర్ట్జ్ శుద్ధ స్వరాన్ని రెండు వైపులా సమానంగా కత్తిరిస్తే మొదట వచ్చే రెండు కొత్త అనుస్వరాలు ఏవి?
3. 2వ ఛానెల్‌ను సబ్‌గ్రూపుకు పంపితే ఏమవుతుంది?
4. అభ్యాసం: మీ ఇంట్లోని పెద్దవారి పాటను స్వచ్ఛంగా రికార్డు చేసి, దాని నకలుపై ఈ పద్ధతిని ప్రయత్నించండి. అసలు ప్రతిని భద్రపరచండి.