గండికోటకు వెళ్లే ముందు పిల్లలకు చెప్పండి



సెలవులు వస్తే చాలు, గండికోట ఎప్పుడు తీసుకెళ్తారని పిల్లలు అడుగుతున్నారు. రీల్స్‌లో చూసి ‘ఇండియా గ్రాండ్ క్యానియన్’ అంటున్నారు. మాకైతే ఆ పేరు అంతగా రుచించదు. ఊరి సొంత పేరులోనే దాని భూగోళం ఉంది మరి. నీరు తెగకోసుకుపోయిన చోటు గండి. దాని అంచున కట్టింది కోట.

వైఎస్సార్ కడప జిల్లా జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్లు వెళితే వస్తుంది ఈ చిన్న ఊరు. కోటగోడ లోపలే ఇళ్లున్నాయి. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన పెన్నా నది ఇక్కడ ఎర్రమల కొండలను చీల్చుకుని ప్రవహిస్తుంది.

ఇటుకలు పేర్చినట్టు కనిపించే ఆ ఎర్రటి రాళ్లు ఒకప్పుడు ఇసుక. పొరలు పొరలుగా పేరుకుని, పైబరువుకు గట్టిపడి క్వార్ట్‌జైట్‌గా మారింది. వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటే. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాతి పొరకు ‘గండికోట క్వార్ట్‌జైట్’ అనే పేరు పెట్టారు. ఇంత చిన్న ఊరి పేరు జియాలజీ పుస్తకాల్లో ఉందని పిల్లలకు చెప్పి చూడండి!

ఈ రాయి చాలా గట్టిది, కానీ దానిలో నిలువు పగుళ్లుంటాయి. కింది పొరలు అరిగేకొద్దీ పైబండలు పగుళ్ల వెంట విడిపోయి దిమ్మలు దిమ్మలుగా పడతాయి. అందుకే లోయ గోడలు ఏటవాలుగా కాక నిట్టనిలువుగా ఉన్నాయి.

కోట కట్టినవాళ్లకు కావలసింది కూడా అదే. ఉత్తరాన లోయే కాపలా కాస్తుంది. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు ఇక్కడి నుంచే ఏలారు. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ ఆయన్ను కలవడానికి ఇంతదూరం వచ్చాడు. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లిషు కంపెనీకి అప్పగించడంతో కోట ప్రాముఖ్యం తగ్గిపోయింది.

మాధవరాయ ఆలయం, జామియా మసీదు, రంగనాథాలయం చూశాక ధాన్యాగారం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. ముట్టడి నెలల తరబడి సాగితే లోపలివాళ్లు ఏం తిన్నారు, ఏ నీళ్లు తాగారు అని పిల్లలను అడగండి. జవాబు వాళ్ల కళ్ల ముందే ఉంటుంది: ఆ ధాన్యాగారం, దాంతోపాటు కోట లోపలి చెరువు, కోనేర్లు. గోడల మీద పేర్లు చెక్కినవాళ్లను చూపించి, అది తప్పని అక్కడికక్కడే చెప్పడం మరవకండి.

ఇక అసలు విషయం. లోయ అంచు పొడవునా రెయిలింగ్ లేదు. పగుళ్ల వెంట బండలు విడిపోతాయన్నాం కదా, మీరు సెల్ఫీకి నిలబడిన బండ కూడా అలాంటిదే. వాన పడితే జారుతుంది. చిన్నపిల్లల చెయ్యి వదలకండి, పెద్దపిల్లలను కనీసం పదడుగుల వెనకే ఆపండి. సూర్యోదయం కోసం చీకట్లోనే బయలుదేరితే టార్చిలైటు ఉండాలి. లోపల నీడ తక్కువ, నీళ్ల సీసాలు మీరే తీసుకెళ్లండి.