వికీడేటాలో మన ఊరి తెలుగు పేరు: దారి రాసి బయటకు తీయడం

మనం బరంపురం అంటాం, బోర్డు మీద బ్రహ్మపూర్ అని ఉంటుంది. మన పిల్లలు తమ ఊరిమీద యాప్ చేయాలన్నా, సంఘం వెబ్‌సైట్‌లో ఊళ్ల జాబితా పెట్టాలన్నా ఏ పేరు వస్తుందన్నది ముఖ్యం. చాలామంది ఈ పేర్లను వికీడేటా నుంచి తీసుకుంటారు. అక్కడి సమాచారం జేసన్ రూపంలో, పెట్టెలో పెట్టె, దానిలో మరో పెట్టెలా దొరుకుతుంది.

చెన్నైని చూడండి. దాని సంఖ్య క్యూ1352. పేరు కావాలంటే దారి ఇలా రాయాలి: $.ఎంటిటీస్.క్యూ1352.లేబుల్స్.టీఈ.వాల్యూ. (కంప్యూటర్‌లో ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, టీఈ అంటే తెలుగు.) డాలర్ గుర్తు మొత్తం సమాచారానికి, ఒక్కో చుక్క ఒక్కో పెట్టె లోపలికి. టీఈ బదులు తమిళానికి టీఏ, కన్నడానికి కేఎన్ పెడితే ఆ భాషలో పేరు వస్తుంది.

ఊరికి రెండో పేరు, పాత పేరు ఉంటే అవి 'ఎలియాసెస్' అనే పెట్టెలో వరుసగా ఉంటాయి. మొదటిది కావాలంటే [0], అన్నీ కావాలంటే [*]. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, మొదట్లో అందరూ ఇక్కడే తప్పుతారు. రెండు చుక్కలు పెట్టి $..వాల్యూ అంటే అన్ని లోతుల్లోని వాల్యూలన్నీ కుప్పగా వచ్చి పడతాయి. ఆ కుప్పలో మన భాష వెతుక్కోవడం కష్టం, దానికి దూరంగా ఉండటమే మంచిది.

ఈ రాతను జేసన్‌పాత్ అంటారు. 2007లో స్టెఫాన్ గోస్నర్ ప్రతిపాదించారు. 2024 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 9535గా ప్రమాణమైంది. జేక్యూ అనే ఉపకరణంలోనూ పద్ధతి దాదాపు ఇదే, డాలర్ లేకుండా చుక్కతో మొదలవుతుంది.

ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు \యు0సి1ఎ వంటివి కనబడవచ్చు. పాడైపోలేదు, అది 'చ' అక్షరమే. దారితో తీస్తే మామూలు తెలుగుగా వస్తుంది.

అసలు చిక్కు వేరు. తెలుగు పేరు ఎవరూ ఎక్కించకపోతే జేసన్‌పాత్ తప్పు చూపదు, ఖాళీ ఇస్తుంది. జేక్యూ అయితే 'నల్' అంటుంది. ప్రోగ్రాం రాసినవాళ్లు చాలాసార్లు ఆ ఖాళీలో ఇంగ్లీషు పేరు పెట్టేస్తారు, మనకు తెలియనే తెలియదు. అందుకే హోసూరు, బళ్లారి, షోలాపూర్, యానాం చుట్టుపక్కల చిన్న ఊళ్లవారు ముందు తమ ఊరి దారి రాసి చూడండి. ఖాళీ వస్తే వికీడేటాలో ఆ ఊరి పేజీ తెరిచి తెలుగు పేరు మీరే చేర్చవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, వాళ్లు పలికే పేరును కూడా ఎలియాస్‌గా పెట్టండి. కాసేపాగి అదే దారి మళ్లీ నడపండి.