దండును దోమయు

యుద్ధభూమిలో శత్రువునకు వెఱచువారు పెక్కురు; దోమను లెక్కసేయువారు అరుదు. బర్మా రంగమున 1943లో గాయపడి వెనుకకు పంపబడిన ఒక్కొక్క సైనికునకు, రోగపీడితులై పంపబడినవారు 120 మంది యుండిరని సేనాని విలియం స్లిమ్ వ్రాసియున్నాడు. ఆ రోగములలో మలేరియా ముఖ్యమైనది. మెపాక్రిన్ మాత్రలున్నను కొందరు మ్రింగకుండిరి. అంతట స్లిమ్ ఆకస్మిక పరీక్షలు జరిపించి, అశ్రద్ధ చేసిన దళపతులను ముగ్గురిని తొలగించెను. దోమకాటును నివారించుట వైద్యుని పని మాత్రమే కాదు, నాయకుని విధి యని నాడు తేలినది.

ఈ జ్ఞానము పుట్టినది మన గడ్డమీదనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అను రోగిని కుట్టిన దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. రాసునకు 1902లో నోబెల్ బహుమతి లభించెను. హుసేన్ ఖానునకు దక్కినది కుట్టిన దోమ కొక అణా!

వానలు లేని అనంతపురమునకు దోమల బాధ యేమని కొందరందురు. అది పొరపాటు. నీరు కరవైన చోటనే జనులు తొట్లలో, కుండలలో నీరు దాచుకొందురు. మలేరియాను తెచ్చు స్టెఫెన్సీ దోమ బావులలోను తొట్లలోను, డెంగీ దోమ ఇంటి కుండలలోను పెరుగును. సైనికునకు నేడు దోమతెర కలదు. గ్వాలియరు రక్షణ పరిశోధనశాల రూపొందించిన డీపా లేపనము కలదు. సెలవుపై పల్లెకు వచ్చిన సిపాయికి మనమేమి రక్షణ నిచ్చుచున్నాము? వారమున కొకనాడు తొట్లు ఎండగట్టి మూతలు పెట్టుడు. అతడు సరిహద్దు కాచుచుండగా అతని యిల్లు కాచుట మన ధర్మము.